గుర్తుపెట్టుకునే సీటు

కారు ఒకటే, రకాలు మూడు. షోరూము వాళ్లు వీటిని వేరియంట్లు అంటారు. ఒక్కోదానికి ఒక్కో గొప్ప పేరు ఉంది. నా డైరీలో మాత్రం ఒకటి, రెండు, మూడు అనే రాసుకున్నాను. ఒకటి అన్నిటికన్నా తక్కువది, మూడు అన్నిటికన్నా పైది. ప్రభుత్వ బస్సుల వర్క్‌షాపులో రిపేరైన బండిని రోడ్డు మీదికి తీసుకెళ్లి, నడిపి చూసి, రిపోర్టు రాయడమే ఉద్యోగమంతా నేను చేసిన పని. రిటైరయ్యాక నన్ను రిపోర్టు అడిగినవాళ్లు లేరు. ఈ వేసవిలో మా అమ్మాయి అడిగింది.

"నాన్నా, బండి మారుద్దాం. మూడూ నడిపి చూసి ఏది తీసుకోవాలో నువ్వే చెప్పు."

మారుద్దాం అనడంలోని అసలు సంగతి మా ఇద్దరికీ తెలుసు. కొత్తది కావాలని కాదు, పాతది ఇంట్లో ఉండకూడదని.

పాతదీ ఖరీదైన బండే. అమ్మాయికి మాదాపూర్ ఆఫీసులో పెద్ద హోదా వచ్చినప్పుడు కొన్నది. దానికి రెండు తాళాలు. ఒక్కో తాళం ఒక్కో మనిషిది. తాళం జేబులో పెట్టుకుని తలుపు తీస్తే చాలు, సీటు ఆ మనిషి ఎత్తుకూ కాళ్ల పొడవుకూ తగినట్టు జరుగుతుంది. స్టీరింగు దిగుతుంది, అద్దాలు తిరుగుతాయి, తెర మీద పేరు వస్తుంది. బండి అప్పగించిన రోజున షోరూమాయన మొదటి తాళానికి అమ్మాయి పేరు ఎక్కించి, "రెండో డ్రైవర్ పేరు మేడమ్?" అన్నాడు.

"అమ్మ," అంది అమ్మాయి.

అతను అదే ఎక్కించేశాడు. మా ఇళ్లలో పెద్దవాళ్ల పేర్లు నోటితో అనే అలవాటు లేదు. స్కూల్లో అడిగినా, బ్యాంకులో అడిగినా ముందు "మా అమ్మ" అని, ఆ తర్వాతే పేరు గుర్తు తెచ్చుకుంటారు. అలా నా భార్య ఆ కారుకు కూడా అమ్మ అయింది. ఆమె తలుపు తీయగానే "వెల్కమ్, అమ్మ" అని అక్షరాలు వెలిగేవి. ఒక ఆడగొంతు అదే మాటను కొంచెం దొరసాని యాసలో పలికేది.

"నాకు రెండో కూతురు పుట్టిందండీ," అనేది నా భార్య. "మొదటిదానికన్నా మర్యాద ఎక్కువ."

ఆమె నర్సుగా పనిచేసింది. రిటైరయ్యాక చందానగర్‌లో ఒక డ్రైవింగు స్కూల్లో చేరి, తనలో సగం వయసు లేని ఆడపిల్లల మధ్య కూర్చుని నేర్చుకుంది. పొట్టి మనిషి. సీటు బాగా ముందుకు, బాగా పైకి పెట్టుకుని, స్టీరింగును రెండు చేతులతో చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకునేది. వెనక్కి తీసేటప్పుడు ఎడమ అద్దం నేల వైపు వంగేలా పెట్టించుకుంది, చక్రం గట్టును తాకుతుందేమోనని. పక్క సీట్లో నా కాలు ఊరుకునేది కాదు.

"ఏవండీ, అక్కడ బ్రేకు లేదు. ఊరికే తొక్కి నా బండికి చిల్లు పెట్టకండి."

పోయిన వానాకాలంలో జ్వరమని ఆసుపత్రిలో చేరింది. తాను ఒకప్పుడు డ్యూటీ చేసిన వార్డులాంటిదే. సెలైను ఎంత వేగంతో ఎక్కించాలో అక్కడి పిల్లలకు చెబుతూ ఉండగానే మాట తడబడింది. ఇక మనిషి ఇంటికి తిరిగి రాలేదు. ఆమె చేతిసంచీ మాకు ఇచ్చారు. రెండో తాళం అందులో ఉంది. దాన్ని తీసి, మొదటి తాళం ఉన్న చిన్న తోలు సంచీలోనే వేశాను. రెండూ ఒకచోట ఉంటే పోవని.

బండిని కదపకపోతే బ్యాటరీ దిగిపోతుంది. అమ్మాయి మెట్రోలోనో క్యాబులోనో ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టింది కనుక ఆ పని నేను తీసుకున్నాను. పొడుగులో అమ్మాయిది నా పోలిక. ఆమె తాళంతో సీటు నాకు కూడా సరిపోయేది. పొద్దున్నే పుప్పాలగూడ నుంచి బయలుదేరి, ఆఫీసుల రద్దీ మొదలుకాకముందే మాదాపూర్ దాకా వెళ్లి వచ్చేవాణ్ని.

కొద్ది రోజులు ఏమీ కాలేదు. ఒక ఉదయం సెల్లారులో తలుపు తీసి కూర్చున్నాను. సీటు నాతో సహా ముందుకు కదలడం మొదలుపెట్టింది. మోకాళ్లు స్టీరింగు కింద ఇరుక్కున్నాయి, తల పైకప్పుకు దగ్గరైంది. అద్దాలు రెండూ నన్ను వదిలేసి కిందికి చూశాయి. ఏసీ తగ్గింది, ఆమెకు చలి గిట్టదు. "వెల్కమ్, అమ్మ" అంది బండి.

"ఆగు!" అని అరిచాను. వాచ్‌మన్ తిరిగి చూశాడు.

దీనిలో వింత ఏమీ లేదు. వర్క్‌షాపు బుద్ధితో ఆలోచిస్తే ఆ రోజే తెలిసింది. రెండు తాళాలూ ఒకే సంచీలో ఉన్నాయి. ఏది ముందు పలికితే ఆ మనిషి వచ్చినట్టే బండి లెక్క. ఆమె తాళాన్ని తీసి బీరువాలో పెడితే సరి.

అమ్మాయికి కూడా ఒక ఆదివారం ఇదే ఎదురైంది. చర్చికి వెళ్దామని తాళాల సంచీ తీసుకుని నాకన్నా ముందు కిందికి దిగింది. నేను వెళ్లేసరికి కారు తలుపు బార్లా తెరిచి ఉంది, అమ్మాయి లేదు. లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ బండిలో కూర్చోలేదు.

"ఆ తాళం విడిగా పెట్టొచ్చు కదా నాన్నా," అంది రాత్రి భోజనాల దగ్గర, కంచంలోకి చూస్తూ.

"పెడతాను," అన్నాను.

పెట్టలేదు. ప్రతి పొద్దునా తలుపు తీసి బయటే నిలబడేవాణ్ని. కొన్ని రోజులు సీటు కదిలేది కాదు. కొన్ని రోజులు సన్నటి మోటారు చప్పుడుతో ముందుకు వెళ్లి, పైకి లేచి, ఆగేది. చీర కుచ్చిళ్లు సర్దుకుని ఒక మనిషి కుదురుగా కూర్చునేంత సేపు పట్టేది. ఆ రోజుల్లో నేను స్టీరింగు వైపు కూర్చునేవాణ్ని కాదు. చుట్టూ తిరిగి వెళ్లి పక్క సీట్లో కూర్చునేవాణ్ని. ఇంజను వేయకుండా. లోకంలో ఆమె కోసం ఇంకా చోటు సర్దుతున్నది అదొక్కటే. దాన్నే ఇప్పుడు ఇచ్చేయాలి.

అయినా అడిగిన పని చేయాలి కదా. మూడు రకాలనూ మూడు రోజులు నడిపాను. దారి ఒకటే పెట్టుకున్నాను. షోరూము నుంచి మెట్రో స్తంభాల పక్కగా, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వెడల్పాటి రోడ్ల మీద కాసేపు వేగంగా, చివరికి పుప్పాలగూడ పాత ఊరి సందుల్లో గతుకుల మీదుగా. షోరూమాయన హుషారైన మనిషి, నోరు ఆగదు. పక్క సీట్లో మనిషి ఉంటే చిన్న చప్పుళ్లు తెలియవు. అందుకని ఆయన్ను అమ్మాయితోపాటు వెనక కూర్చోమన్నాను.

"సార్, జర ఒక్క పాట వినుండ్రి సార్. ఈ స్పీకర్లకు థియేటర్ గూడ సరిపోదు."

"పాట ఆపండి. ఏసీ కూడా ఆపండి."

"ఏసీ ఆపుతరా? ఈ ఎండల?"

"బండి ఏమంటోందో వినాలి."

"బండి ఏమంటది సార్, కొనుమంటది," అన్నాడు. అమ్మాయి నవ్వింది. ఆమె నవ్వు విని చాలా రోజులైంది.

ఇంజను మూడింటికీ ఒకటే, రెండు లీటర్ల పెట్రోలుది. మూడోదానికి కొంత బలం ఎక్కువ ఇచ్చారు. పెడలు తొక్కగానే ఒక్క క్షణం ఆలోచిస్తుంది. తర్వాత వెనక నుంచి పెద్ద చెయ్యి నెట్టినట్టు పోతుంది. ఆ క్షణం ఆలోచన మూడింటిలోనూ ఉంది, డబ్బు పోసినా పోదు. గేరు మారడం తెలియదు. బస్సుల్లో గేరు మారడం మోచేతికి తెలిసేది. ఇందులో అంకె మారితేనే నమ్మాలి. బ్రేకులకు వంక పెట్టలేను.

తేడా అంతా పైపైన ఉంది. ఒకటోదానికి తెర చిన్నది, చక్రాలు చిన్నవి, టైరు గోడ ఎత్తుగా ఉంటుంది. పుప్పాలగూడ గతుకుల్లో అదే మెత్తగా పోయింది. మూడోదానికి అందం కోసం పెద్ద చక్రాలు, పల్చటి టైర్లు వేశారు. ఆ గతుకులే అందులో నడుముకు తగిలాయి. దాన్ని సరిచేయడానికి మళ్లీ గాలితో నిండే సస్పెన్షను పెట్టారు. ముందు జబ్బు, తర్వాత మందు. దానికి నాలుగు వైపులా కెమెరాలు, వీపు పిసికే సీట్లు, లోపల రంగురంగుల దీపాలు, అత్తరు సీసా. రెండోది మధ్యస్తం: చక్రాలు మరీ పెద్దవి కావు, తెర చాలు, పైకప్పులో అద్దం.

మూడోదానికి రెండు పొరల అద్దాలు. అన్నీ మూసి, అన్నీ ఆపి విన్నాను. ఏమీ వినబడలేదు. ఇంత నిశ్శబ్దమైన బండిని నేను ఎప్పుడూ నడపలేదు. పక్క సీటు ఖాళీగా ఉండటం కూడా చెవికి తెలుస్తోంది. అంతలో గంట మోగడం మొదలైంది. పక్క సీటు బెల్టు పెట్టుకోలేదని తెర మీద ఎర్రటి మనిషి బొమ్మ. నేను అక్కడ పెట్టిన డైరీ, నీళ్ల సీసాల సంచీ బరువుకు ఎవరో కూర్చున్నారని బండి అనుకుంది.

"సంచీ తీసెయ్యుండ్రి సార్, ఊకుంటది," అన్నాడు షోరూమాయన.

తీయలేదు. ఎడమచేత్తో బెల్టు లాగి సంచీకి పెట్టాను. గంట ఆగింది. అద్దంలో అమ్మాయి నన్నే చూస్తోంది.

ఇక సీటు. ఒకటోదాంట్లో మీట నొక్కితే జరుగుతుంది, అంతే. ఏదీ గుర్తుపెట్టుకోదు. రెండోదీ మూడోదీ గుర్తుపెట్టుకుంటాయి. ఎవరు వచ్చారో తెర మీద చెబుతాయి.

రిపోర్టులో ఒకటోది తీసుకోమని రాశాను. కారణాలు: చక్రాలు మన రోడ్లకు తగినవి, ఇంజను అదే, పాడవడానికి ఉన్న వస్తువులు తక్కువ. ప్రతి మాటా నిజమే.

అమ్మాయి చదివింది. "సీటు సంగతి రాయలేదే?"

"రాశాను కదా. మీటతో జరుగుతుంది అని."

"గుర్తుపెట్టుకోదు అని రాయలేదు."

"అదేమంత పెద్ద సౌకర్యం? ఎక్కినప్పుడల్లా సర్దుకుంటే పోతుంది."

"అందుకే అది కావాలంటున్నావు," అంది అమ్మాయి. ఆ రోజుకి అక్కడితో ఆపేసింది.

పాత బండికి షోరూము కట్టిన ధర నచ్చక, అమ్మాయి తన ఫోన్లో ప్రకటన పెట్టింది. చందానగర్‌లో హార్డ్‌వేర్ షాపు ఉన్న భార్యాభర్తలు ఒక ఉదయం చూడటానికి వచ్చారు. ఆయన బానెట్ ఎత్తి, టైర్లు తట్టి, కింద పడుకుని కూడా చూశాడు.

"ఏంది సార్, బండి ఇంత సాఫుగ ఉంది? నడిపిండ్రా, దాసిపెట్టిండ్రా?"

"నడపాల్సినంత నడిపాం."

"మన మేడమ్ నడుపుతది. నాకు ట్రాలీ ఆటోనే కిస్మత్," అని భార్యను చూపించాడు. ఆమె కూడా పొట్టి మనిషే. తోలు సంచీని నేను ఆమె చేతికి ఇచ్చాను. రెండు తాళాలూ అందులోనే ఉన్నాయి. ఆ సంగతి నాకు గుర్తులేదని అనలేను, గుర్తుందనీ అనలేను.

ఆమె కూర్చుంది. సీటు మెల్లగా ముందుకు కదిలింది, పైకి లేచింది. అద్దాలు వంగాయి.

"ఓయమ్మో, అదే జరుగుతుంది చూడు! నాకు కొలిచి కుట్టినట్టుంది." అంతలో గొంతు పలికింది. ఆమె మొహం విప్పారింది. "ఇన్నవా? నన్ను అమ్మా అంటుంది. నువ్వెన్నడన్న గిట్ల మర్యాదగ పిలిసినవా?"

"నేను నిన్ను అమ్మా అంటే మా అమ్మ ఊకుంటదా?" అన్నాడు భర్త.

నవ్వుతూనే ఆమె తెర వైపు చూసింది. అక్కడ అక్షరాలు ఇంకా ఉన్నాయి. "అంటే ఈ బండి అమ్మ నడిపిందా? ఏరి సార్? జర పిలువుండ్రి. ఆడమనిషిని అడిగితేనే అసలు సంగతి తెలుస్తది. మొగోళ్లు ఏం చెప్తరు."

నేను నోరు తెరిచేలోపే స్తంభం దగ్గర నిలబడ్డ అమ్మాయి అంది. "మా అమ్మ లేదండీ. పోయి ఏడాది కావస్తోంది."

భర్త బానెట్ మీది చెయ్యి తీసేశాడు. "బండ్లనేనా?"

"కాదు. ఆసుపత్రిలో."

"తప్పు పట్టకుండ్రి సార్. అడగాల్నని అడిగిన."

అది తప్పేమీ కాదు. నేనైనా అడిగేవాణ్ని. ఆయన భార్య స్టీరింగు మీది చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత ఏదీ తగలకుండా ఒద్దికగా దిగి, తలుపు వేయకుండా పక్కన నిలబడింది.

"తెల్వక కూసున్న బిడ్డా," అంది అమ్మాయితో. "బండి నాకు నచ్చింది. గని ఆమె కూసున్న తీరు మీద నేను కూసోను. అది మీరే తీసియ్యుండ్రి."

తీసేయడం నాకు తెలుసు. తెరలో ఎక్కడికి వెళ్లి ఏది నొక్కాలో పుస్తకంలో చదివి, చాలా రోజుల కిందటే డైరీలో రాసుకున్నాను. నా కాలు కదల్లేదు. అమ్మాయి వచ్చింది. సీటును వెనక్కి జరపకుండానే ఎక్కి కూర్చుంది. మోకాళ్లు స్టీరింగుకు ఆనుకుని, మెడ వంచుకుని, తల్లి చోట్లో ముడుచుకుని కూర్చుంది. తెర మీద వేలు నడిచింది. బండి ఇంగ్లీషులో అడిగింది, అమ్మను తొలగించాలా అని. కింద రెండు గడులు, అవును, కాదు.

అమ్మాయి నా వైపు తిరిగింది. నేను తల ఊపలేదు, అడ్డంగానూ తిప్పలేదు. ఆమె కాసేపు చూసి, ముందుకు తిరిగి నొక్కింది.

ఏదో జరుగుతుందనుకున్నాను. ఏమీ జరగలేదు. పేరు పోయింది కానీ సీటు ఉన్నచోటే ఉంది, ముందుకు, పైకి. మోకాళ్లు నొప్పి పుట్టేదాకా అమ్మాయి అలాగే ఉంది. చివరికి తనే మీట పట్టుకుని వెనక్కి జరుపుకుంది. ఆ మోటారు చప్పుడు ఆగాక ఆవిడ వైపు తిరిగింది.

"మీ పేరు ఎక్కిస్తానండీ. ఏమని పెట్టమంటారు? అమ్మ అనే పెట్టనా?"

"వద్దు బిడ్డా," అంది ఆమె. "ఇంట్ల అమ్మా అంటరు, షాపుల అక్కా అంటరు, అత్తగారింట్ల చిన్నకోడలా అంటరు. నా పేరే పెట్టు. అదన్న పిలుస్తది." తన పేరు చెప్పింది. ఆ పేరు చాలా కాలానికి విన్నవాడిలా భర్త ఆమెకేసి చూశాడు.

వారం తిరిగేలోపు వాళ్లు బండి తీసుకుపోయారు. సెల్లారులో బండి వెనక్కి తీసేటప్పుడు ఎడమ అద్దం నేల వైపు వంగలేదు. ఆవిడ వేరే రకంగా పెట్టుకుని ఉంటుంది.

కొత్త బండి విషయంలో అమ్మాయి నా రిపోర్టును సగమే ఒప్పుకుంది. మూడోది వద్దంది. ఒకటోది కూడా వద్దని, రెండోది బుక్ చేసింది. తెచ్చుకునే రోజున షోరూమాయన బండి మీది గుడ్డ తీసి, దండ వేసి, మమ్మల్ని నిలబెట్టి ఫోటో తీశాడు. తర్వాత లోపల తెర ముందు కూర్చుని అమ్మాయి పేరు ఎక్కించాడు.

"రెండో డ్రైవర్ సార్?"

"ఒక్కటి చాలు," అన్నాను. "మా ఇద్దరిదీ ఒకే పొడుగు. ఆమెదే నాకు సరిపోతుంది."

"నాన్న," అంది అమ్మాయి అదే సమయానికి.

అతను ఎవరి మాట వినాలో తెలియక ఇద్దరినీ చూశాడు.

"నాకెందుకే?" అన్నాను. గొంతు తగ్గించి, అతనికి వినబడకుండా అన్నాను. "అది ఎలా ఉంటుందో నీకు తెలుసు. సెల్లారులో నువ్వు తలుపు తెరిచి పారిపోయి వచ్చావు. రేపు మళ్లీ అదే కావాలా నీకు?"

"తెలుసు కాబట్టే అడుగుతున్నాను." అమ్మాయి కూడా గొంతు తగ్గించింది. "నొక్కేముందు ఆ సీటుది ఎవరమూ ఒక్క ఫోటో కూడా తీసుకోలేదు నాన్నా. అమ్మ ఎంత ముందుకు కూర్చునేదో ఇప్పుడు చూపించమంటే నేను చూపించలేను. నువ్వు చూపించగలవా?"

చేత్తో గాలిలో ఒక దూరం చూపించబోయాను. చెయ్యి ఎక్కడ ఆపాలో తెలియలేదు.

"కూర్చో," అంది.

కూర్చున్నాను. తోలు కొత్తది, చల్లగా ఉంది. షోరూమాయన తలుపు పట్టుకుని వంగాడు. "సార్, మీకు ఎట్ల హాయిగ ఉంటదో అట్ల కూసోండ్రి. కదలకుండ్రి. సేవ్ చేస్తున్న."

నేను నడుము నిటారుగా పెట్టి, భుజాలు సర్దుకుని, గడ్డం ఎత్తి కూర్చున్నాను.

"అలా కాదు నాన్నా," అంది అమ్మాయి. "నువ్వు అలా కూర్చోవు. రోజూ కూర్చున్నట్టు కూర్చో."

నడుము వదిలేశాను. కుడి భుజం దిగింది, మెడ ముందుకు వంగింది. సీటు నా కింద సన్నగా కదిలి ఆగింది.

"ఆఁ," అంది అమ్మాయి అతనితో. "ఇప్పుడు నొక్కండి."